కొత్త ఇంజనుకి మొదటి నెల

మా అమ్మాయి ప్రశాంతి కారు కొంది. ఉద్యోగం చేసుకునే పిల్ల, కొనుక్కుంటే కొనుక్కుంది, ఎవరినీ అడగక్కర్లేదు. కాని ఇలాంటి కారు కొంటుందని మాత్రం నేననుకోలేదు. నేలకి జానెడెత్తున ఉంటుంది. దాంట్లో ఎక్కడమంటే కిందికి దిగడం, దిగడమంటే పైకి ఎక్కడం. అరవై దాటిన మోకాళ్లకి అది చాలా రోజుల దాకా అర్థం కాలేదు. దాని ఇంజనుకి ఇన్ని వందల గుర్రాల బలం ఉందని ప్రశాంతి మురిసిపోతూ చెప్పింది. ఉంటే ఉండనీ. మా గోపాలపట్నం సందులో ఎదురుగా కూరగాయల బండి వస్తే ఆ గుర్రాలన్నీ తలొంచుకుని వెనక్కి నడవాల్సిందే. ముప్పయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయిన నా చేతిలో ఒక సాయంత్రం దాని తాళం పెట్టి, ప్రశాంతి ఒక పని అప్పజెప్పింది.

ప్రశాంతి పోర్టుకి వచ్చే ఓడల ఇంజన్లు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉంది. మర్నాడే ఇరవై రోజుల పని మీద పారదీప్ వెళ్లాలి. "అమ్మా, మొదటి పదిహేను వందల కిలోమీటర్లూ దీన్ని నెమ్మదిగా నడపాలట. ఇంజను చుట్లు చూపించే ముల్లు నాలుగు వేలు దాటకూడదు. కాలు నిండా తొక్కకూడదు. అలాగని ఒకే స్పీడులో పోనివ్వకూడదు. ఇదంతా నా వల్ల కాదు. నా కాలు నా మాట వినదు. నువ్వు నడిపి పెట్టు" అంది. ఇప్పటి ఇంజన్లకి ఈ మడీ ఆచారం ఏమీ అక్కర్లేదని దాని స్నేహితులు అనడం నేను విన్నాను కదా, అదే అన్నాను. "అంటారమ్మా. వాళ్లకి తాతయ్య లేడు కదా" అంది. తన తాతయ్యని, అంటే మా నాన్నని, అది చూసింది అయిదేళ్ల వయసు దాకానే. అయినా పుస్తకంలో రాసిన దానికంటే ఆయన పేరు దానికి ఎక్కువ పనిచేస్తుంది. ఒప్పుకోకుండా ఎలా ఉంటాను?

అలా నేను రోజూ పొద్దున్న ఇడ్లీలు తిని, మా అమ్మ సువార్తమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి, ఆ నీలం కారేసుకుని హైవే ఎక్కడం మొదలుపెట్టాను. అమ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. "ఇంట్లో కూకుంటే గోడలు సూడాల, ఇక్కడైతే ఊరైనా సూత్తాను" అని తనే బయల్దేరింది. మద్దిలపాలెం మీదుగా హనుమంతవాక, ఎండాడ, మధురవాడ దాటి ఆనందపురం దాకా వెళ్లడం, తిరిగి రావడం. ముల్లు రెండు వేల నుంచి మూడు వేలకి ఎక్కించడం, వదిలెయ్యడం, దానంతట అది తగ్గేదాకా ఆగడం, మళ్లీ ఎక్కించడం. కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద పక్కకొచ్చి, ముందు కారుని కళ్లప్పగించి చూసి, తరవాత లోపల ఇద్దరు ముసలమ్మల్ని చూసి నీరుగారిపోయేవాళ్లు. ఒకరోజు ఒక ఆటో అతను మమ్మల్ని దాటేస్తూ తల బయటపెట్టి, "ఏటి మామ్మా, తోయమంటావేటి?" అని అరిచాడు. అమ్మ అద్దం దింపమంది. నేను దింపేలోపు అతను వెళ్లిపోయాడు. అతని అదృష్టం.

ఈ కారులో నాకు మింగుడు పడని సంగతి ఒకటుంది. కాలు కాస్త ఆనించగానే లోపల పులి గుర్రుమన్నట్టు పెద్ద చప్పుడు వస్తుంది. మొదటి రోజు నేను హడలిపోయి ప్రశాంతికి ఫోన్ చేశాను. అది పకపకా నవ్వింది. ఇంజను చప్పుడు లోపలికి వినబడకుండా తలుపులూ అద్దాలూ గట్టిగా చేస్తారట. మరి ఇంత డబ్బు పోసి కొన్నవాడికి చప్పుడు వినబడకపోతే చిన్నతనంగా ఉంటుంది కాబట్టి, పాటలు వచ్చే స్పీకర్లలోంచే ఇంజను చప్పుడు కూడా వినిపిస్తారట. "పాటల పెట్టిలోంచా అరుత్తంది? అయితే నిజం ఇంజనేటి సేత్తందే?" అని అమ్మ అడిగింది. ఏమో మరి. ఎలా ఆపాలో ప్రశాంతిని అడిగి ఆ చప్పుడు ఆపించేశాను. ఆ తరవాత కారు నిశ్శబ్దంగా పోయేది. ఆనందపురంలో ఆగి కొబ్బరినీళ్లు తాగి తిరిగొస్తే, ముందు మూతలోంచి సన్నగా ఒక వాసన వచ్చేది. కొత్త నూనె, కొత్త రంగు, వేడి ఇనుము కలిసిన వాసన. కారు చుట్టూ ఎన్ని మాయలు చేసినా ఆ వాసన మాత్రం మారలేదు. అది మా చిన్నప్పటి ఆదివారాల వాసన.

మా నాన్నని ఆటోనగర్‌లో ఇమ్మానియేలు మేస్త్రీ అనేవాళ్లు. రేకుల షెడ్డు, అందులో నేలంతా నల్లగా నూనె ఇంకి రాయిలా గట్టిపడిపోయి ఉండేది. ఆయన చేసే పని కార్లకి బోరు. ఇంజను ఏళ్ల తరబడి తిరిగి అరిగిపోయి పొగ కక్కడం మొదలుపెడితే, లోపల సిలిండర్ల గోడలు మళ్లీ నున్నగా చెక్కించి కొత్త పిస్టన్లు వెయ్యాలి. దాన్నే బోరు చేయించడం అంటారు. బోరైన ఇంజను కొత్త ఇంజను కిందే లెక్క. లోపలి ఇనుములు ఒకదానికొకటి కొత్త. అవి నెమ్మదిగా రాసుకుని, ఒకదాని ఒంపు ఒకటి తెలుసుకుని సర్దుకోవాలి. ఆ సర్దుకునే లోపల తొందరపెడితే బిగుసుకుపోతాయి. మిగతా మేస్త్రీలు బోరు చేసి, "కొన్నాళ్లు నెమ్మదిగా నడుపుకోండి" అని బండి ఇచ్చేసేవాళ్లు. కారు గలాయన బుద్ధిగా తలూపి, మలుపు తిరగ్గానే ఎగిరిపోయేవాడు. నాన్న అలా ఇచ్చేవాడు కాదు. "మొదటి అయిదొందలూ నావి" అనేవాడు. అయిదు వందల కిలోమీటర్లు తనే రన్నింగు చేసి, అంటే నెమ్మదిగా నడిపి, నూనె మార్చి, అప్పుడు ఇచ్చేవాడు. వారం పది రోజులు ఆలస్యమైనా సరే, నాన్న దగ్గరే చేయించాలని కొత్తవలస నుంచి, చోడవరం నుంచి వచ్చేవాళ్లు.

ఆ అయిదు వందల్లో మా ఇంటి భాగం కూడా ఉండేది. కొత్త బోరు బండిని మొదట ఖాళీగా నడపాలి, తరవాత కొద్ది బరువుతో, ఆ తరవాత నిండు బరువుతో. ఆ బరువు మేమే. అందుకని మేం ప్రతి ఆదివారం ఒక కొత్త కారులో చర్చికి వెళ్లేవాళ్లం. ఒక వారం తెల్లది, ఇంకో వారం నల్లది, ఒకసారి డాక్టరుగారిది, ఒకసారి ఎవరో సారా కాంట్రాక్టరుది. ప్రార్థన అయ్యాక నాన్న బండి పక్కన నిలబడి, "ఎక్కండి, ఎక్కండి, బండికి బరువు గావాల" అని పిలిచేవాడు. మా పేట ముసలమ్మలు అరడజను మంది చీరలు సర్దుకుంటూ ఎక్కి కూర్చునేవాళ్లు. వాళ్లని సింహాచలం కొండ కింది దాకా తిప్పి తీసుకొచ్చి ఎవరింటి దగ్గర వాళ్లని దింపేవాడు. ఇంతా చేసి బండి నలభై దాటేది కాదు. సైకిళ్లవాళ్లు మా పక్కనే కబుర్లు చెబుతూ వచ్చేవాళ్లు. కారులో తిరిగితే ఊరు గిర్రున తిరిగిపోతుందని స్నేహితురాళ్లు చెబితే నాకు వింతగా ఉండేది. మా కార్లలో ఊరు చాలా తీరిగ్గా కనబడేది. ఎవరి అరుగు మీద ఏ వడియాలు ఎండుతున్నాయో చెప్పగలిగేవాళ్లం.

నాన్న శనివారం సాయంత్రం చేతులు కడుక్కోవడం పెద్ద తతంగం. ముందు కిరసనాయిలు, తరవాత రంపప్పొట్టు, ఆపైన అమ్మ పోసే వేణ్ణీళ్లు, కుంకుడు నురగ. అయినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. చర్చిలో పాటల పుస్తకం మాసిపోకుండా చేతిరుమాలుతో పట్టుకునేవాడు. ఉన్నవాటిలో మంచి చొక్కా అదే కాబట్టి ప్రతి ఆదివారం అదే నీలం గీతల చొక్కా. "కొత్త ఇంజన్నీ, కొత్త కోడల్నీ మొదటి నెల అరిపించకూడదు. ఊరికే కూకోబెట్టనూ కూడదు. పని సెప్పాల, మజ్జలో ఊపిరి తీసుకోనివ్వాల" అని ఆయన బండి నడుపుతూ చెప్పేవాడు. అమ్మ వెనక సీట్లోంచి ఊరుకునేది కాదు. "నన్నెవులు రన్నింగు సేసినారు? తొలి దినవే మీయమ్మ టాపు గేరేసీసింది" అనేది. ముసలమ్మలు విరగబడి నవ్వితే బండి ఊగేది. అయిదు వందలు పూర్తయిన రోజు నాన్న ఇంజనులోంచి మొదటి నూనె తీసి, ఒక రేకు పళ్లెంలో పోసి ఎండలో పెట్టేవాడు. అందులో వెండి పొడిలా సన్నగా మెరుస్తూ ఇనుప రజను కనబడేది. "ఇదంతా దాని పొగరు. దిగిపోనాది. ఇంక ఎవులు నడిపినా మాటింటాది" అనేవాడు. ఆ పళ్లెం చూసినప్పుడు ఆయన ముఖంలో కనబడిన తృప్తి, నేను తరవాత పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజుల్లో స్టాఫ్ రూములో కూడా చూడలేదు. ప్రశాంతి కారు కంపెనీవాళ్లు ఆ నూనె తీసి ఎక్కడ పారబోస్తారో, దాన్ని ఎండలో పెట్టి చూసేవాడు ఒక్కడైనా ఉన్నాడో లేదో నాకు తెలియదు.

నాకు ఇరవయ్యో ఏడు. డిగ్రీ పూర్తయి ఇంట్లో ఉన్నాను. నాన్న నన్ను తనతో పాటు రన్నింగుకి రమ్మనడం మొదలుపెట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాస్త దూరం పోయాక, "ఏటి సెప్తంది అమ్మీ?" అని అడిగేవాడు. ఇంజను ఏం చెబుతోందని. మొదట్లో నాకు తెలిసేది కాదు. తరవాత్తరవాత చెవి పదునెక్కింది. "టక్ టక్‌మంటోంది నాన్నా" అంటే కాలు తగ్గించేవాడు. "మెత్తగా ఉంది" అంటే కొంచెం ఎక్కించేవాడు. "గొంతు బిగిసింది" అన్నానంటే ఠక్కున క్లచ్చి తొక్కి, ఇంజనుని బండి బరువు లోంచి విడిపించి, నీడలో ఆపి చల్లారనిచ్చేవాడు. నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. ఆడపిల్లకి ఇలాంటి విద్య నేర్పే తండ్రి ఆటోనగర్ మొత్తంలో మా నాన్న ఒక్కడేనని లోలోపల గర్వపడ్డాను. నా స్నేహితురాళ్లు కుట్టుమిషను నేర్చుకుంటుంటే నేను ఇంజను గొంతు నేర్చుకుంటున్నానని డాబులు కూడా పోయాను.

గోపాలపట్నం రైలు గేటు దగ్గర ఒకరోజు మా ముందు గేటు పడింది. బండి ఆపాం. ఎండ మండిపోతోంది. నిలబడ్డ చోటే, కుదుపైనా లేకుండా, ఇంజను మెల్లిగా ఆగిపోయింది. నేను నాన్న వైపు చూశాను, తాళం తిప్పుతాడని. ఆయన గేటుకేసి చూస్తూ, ప్రశాంతంగా, "ఇప్పుడెలాగుంది అమ్మీ, మెత్తబడిందేటి?" అని అడిగాడు. ఆగిపోయిన ఇంజను ఎలా ఉందని అడుగుతున్నాడు. షెడ్డులో పాతికేళ్లు సుత్తి దెబ్బల మధ్య, విప్పిన సైలెన్సర్ల మధ్య పనిచేసిన మనిషి. "ఆగిపోయింది నాన్నా" అన్నాను, ఆయన ఇటు తిరిగాక. ఆయన తాళం తిప్పాడు. ఆయన నాకు నేర్పడం లేదని, నా చెవులు వాడుకుంటున్నాడని నాకప్పుడు తెలిసింది. ఆ సంగతి నాకు తెలిసిపోయిందని ఆయనకీ తెలిసింది. మొదటి అయిదు వందలూ చెవితో విని నడిపే మేస్త్రీకి చెవులు లేవంటే ఇక ఎవరొస్తారు? ఆ పేరే మా అన్నం. నేను అమ్మతో కూడా అనలేదు. రోజూ పక్కన కూర్చుని, ఆయన అడిగినా అడక్కపోయినా విన్నదల్లా చెప్పాను. అలా ఆరేడు బళ్లు నడిపాం.

అప్పుడే విజయనగరం నుంచి ఉత్తరం వచ్చింది. టీచర్ ట్రైనింగులో సీటు. సోమవారం చేరాలి. ఆ ఉత్తరం పట్టుకుని నేను ఇల్లంతా గంతులేశాను. శనివారం పొద్దున్న నాన్న చద్దన్నం తింటుండగా, ఆయనకి ఎదురుగా కూర్చుని సోమవారం బస్సు సంగతి ఎత్తాను. ఆయన పళ్లెంలోకి చూస్తూ, "ఇంకో రెండు బళ్లున్నాయి అమ్మీ. అవైపోనాక సూద్దాం. పై ఏడు ఎల్తే ఏటి?" అన్నాడు. పై ఏడు ఇంకో రెండు బళ్లుంటాయి. ఆ పై ఏడు మరో రెండు. నా బతుకంతా ఆ ముందు సీట్లో కూర్చుని ఇంజన్ల గొంతులు వింటూ గడిచిపోవడం నాకు కళ్లకి కట్టింది. నీకు వినబడదని అందరికీ చెప్పెయ్యొచ్చు కదా అని నోటి చివరి దాకా వచ్చింది. అనలేదు. అనలేకపోయిన కోపం ఇంకా పెద్దదయింది. ఆ రోజు కొత్తవలస రైసుమిల్లు సత్యంనాయుడుగారి తెల్లకారుకి రన్నింగు. వెళ్లి పక్కన కూర్చున్నాను కాని, ఇవాళ ఒక్క మాట కూడా మాట్లాడకూడదని పంతం పట్టాను.

హనుమంతవాక దాటాక రోడ్డు ఎండాడ వైపు ఎత్తెక్కుతుంది. అప్పుడక్కడ రెండువైపులా ఎర్రమట్టి, జీడితోటలు. రోడ్డు రెండు బళ్లకి చాలేది అంతే. "ఏటి సెప్తంది?" అన్నాడు నాన్న. నేను కిటికీ లోంచి తోటలు చూస్తూ కూర్చున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఎత్తు మొదలైంది. సగం ఎక్కాక ఇంజను గొంతు మారింది. ముందు బరువుగా అయింది, తరవాత బిగిసింది, ఆపైన రెండు కొబ్బరి చిప్పలు ఒకదానికొకటి రాసినట్టు సన్నగా కీచుమంది. నాకు వినబడింది. స్పష్టంగా, పేరు పెట్టి పిలిచినంత స్పష్టంగా వినబడింది. 'నాన్నా' అంటే చాలు. ఆ ఒక్క మాటకి ఆయన క్లచ్చి తొక్కేవాడు, ఇంజను బతికేది. నాలుగైదు సెకండ్ల వ్యవధి ఉండి ఉంటుంది. ఇప్పుడు చెప్తాను, ఇంకొక్క క్షణం ఆయన్ని ఉడకనీ అనుకున్నాను. అంత చిన్న బుద్ధి. ఇంజను బిగుసుకుపోయి వెనక చక్రాలు ఒక్కసారి పట్టేశాయి. బండి కీచుమంటూ అడ్డం తిరిగి మట్టిలోకి దిగి ఆగిపోయింది. మాడిన నూనె వాసన గుప్పుమంది. నాన్న మూత ఎత్తి చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. తరవాత నా వైపు తిరిగి, "ఎండగా ఉన్నాది. దిగి సెట్టు కిందకెల్లు అమ్మీ" అన్నాడు. అంతే అన్నాడు.

లారీకి తాడు కట్టి బండిని షెడ్డుకి లాక్కొచ్చారు. సాయంత్రానికి సత్యంనాయుడుగారు వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను, ఇంటికి వెళ్లబుద్ధి కాక. ఆయన ఇంకా నోరు తెరవకముందే, పక్క షెడ్ల వాళ్లందరూ నిలబడి చూస్తుండగా, నాన్న చేతులు కట్టుకుని, "నాయుడుగోరూ, తప్పు నాదండి. నాకు సెవులు ఇనపడవు. రెండేళ్లయిపోనాది. మీకెవులికీ సెప్పకండా దాసినాను" అన్నాడు. పక్క షెడ్డు మేస్త్రీ, "అదేటి బావ, నాతోటైనా అననేదు" అన్నాడు. నాన్న ఆ మాట వినబడనట్టు నిలబడ్డాడు, నిజంగానే వినబడలేదేమో. సత్యంనాయుడుగారు పెద్దమనిషి. కేకలెయ్యలేదు. మళ్లీ చేసిపెట్టమన్నారు. నాన్న ఇంజను మళ్లీ విప్పి చేశాడు. రన్నింగు మాత్రం ఇంకో మేస్త్రీ చేత చేయించారు. ఆ తరవాత మా షెడ్డుకి బోరు బళ్లు రాలేదు. నాన్న బ్రేకులూ క్లచ్చి ప్లేట్లూ మార్చుకుంటూ, చెవి అక్కర్లేని పనులు చేసుకుంటూ మిగతా కాలం గడిపాడు. మేం చర్చికి నడిచి వెళ్లడం మొదలుపెట్టాం.

నేను సోమవారం విజయనగరం వెళ్లాను. టీచరునయ్యాను, పెళ్లి చేసుకున్నాను, హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. కిటికీ అద్దం పగిలినప్పుడల్లా క్లాసు ముందు బెత్తం పట్టుకుని నిలబడి, "చేసినవాళ్లు ధైర్యంగా లేచి నిలబడండి, నేనేమీ అనను" అని ఎన్ని వందల సార్లు అన్నానో లెక్కలేదు. ఎవరో ఒకరు లేచేవాళ్లు. అంతంత పిల్లలు, వణుకుతూ లేచేవాళ్లు. నేను మాత్రం లేవలేదు. నాన్న బతికున్నన్నాళ్లూ, "నాకు వినబడింది, కావాలనే చెప్పలేదు" అన్న ఆ రెండు ముక్కలూ నా నోటెంట రాలేదు. ఆయన తన చెవుల మీద వేసుకున్న తప్పుని ఆయన మీదే ఉంచేశాను. ఆయన పోయాక ఇక ఎవరికి చెప్పినా ఒకటే అనుకున్నాను.

పన్నెండో రోజో పదమూడో రోజో, నీలం కారులో అదే ఎత్తు ఎక్కుతున్నాం. ఇప్పుడక్కడ జీడితోటలు లేవు. అపార్టుమెంట్లు, మోటారు షోరూములు, ఆరు వరసల రోడ్డు. ఎత్తు ఉందని కారుకి తెలియను కూడా తెలియదు. రోజూ ఆ చోటు వచ్చేసరికి నేను ఏదో ఒక కబురు ఎత్తుకుని దాటించేసేదాన్ని. ఆ రోజు కబురేదీ తోచలేదు. కారులో చప్పుడు లేదు. అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని బయటికి చూస్తోంది. కారుని ఎడమవైపుకి తీసి ఆపేశాను.

"ఏటయిపోనాది? బండి బాగోనేదేటి?" అంది అమ్మ.

"బండి బాగానే ఉందమ్మా" అన్నాను. తరవాత చెప్పేశాను. ఉత్తరం, పంతం, కీచుమన్న చప్పుడు, చెప్పకుండా కూర్చున్న ఆ నాలుగైదు సెకండ్లు, అన్నీ చెప్పాను. అరవై దాటిన మనిషిని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

అమ్మ నా వైపు తిరగలేదు. "తెలుసే" అంది. ఒళ్లో చేతులు సర్దుకుని, "ఆయనకీ తెలుసు" అంది.

నేను చెంగు దించి ఆమె వైపు తిరిగాను.

"ఆ మర్నాడు సర్సికి నడిసెల్తన్నాం. నువ్వు ముందెల్లిపోతన్నావు. ఎనకాల మేవిద్దరం. అప్పుడు సెప్పినారు. 'పిల్లకి ఇనపడింది సువార్తా, దాని మొకం సూసినాను. నాకూ అరికాలికి తెలిసిపోనాది. కాలు క్లచ్చి మీదే ఉన్నాది' అన్నారు. మరి తొక్కీవలిసింది కదేటి అన్నాను నాను. 'అది సెప్తాదేమోనని సూసినాను. సెప్పనేదు. అప్పుడు కాలు తీసీసినాను' అన్నారు."

"తీసేశాడా? ఎందుకమ్మా?"

"నానూ అదే అడిగినాను. 'ఈ బండి బాగుంటే ఇంకో బండొస్తాది. అది బాగుంటే మరోటి. దాని సోమారం ఎప్పుడొస్తాది?' అన్నారు. ఇంకేటీ అననేదు. సర్సి వచ్చీసింది."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"తనంతట తాను సెప్తే సెప్పు, నేకపోతే వొద్దు అన్నారు. నువ్వు సెప్పనేదు కదేటి మరి" అంది అమ్మ. అందులో నిష్ఠూరమేమీ లేదు. నేను చెప్పలేదు కాబట్టి తను చెప్పలేదు.

మా పక్కనుంచి బళ్లు దూసుకుపోతున్నాయి. నా మీద నాకున్న కోపం నాకు పాతదే, దాంతో కాపురం చెయ్యడం నేర్చుకున్నాను. ఇప్పుడు నాన్న మీద కోపం వచ్చింది. కాలు తీసేసేంత ప్రేమ ఉన్నవాడు, పొద్దున్న చద్దన్నం తింటూ వెళ్లమ్మా అని ఒక్క మాట అనేస్తే ఏం పోయేది? ఆ మాట అనలేక తన పేరునంతా తీసి ఆ ఎర్రమట్టిలో పడేసుకున్నాడు. నేను నాన్నా అని ఒక్క మాట అనలేక ఊరుకున్నాను. ఇద్దరం ఒక అచ్చులో పోసిన మనుషులం. చేసేపని ఎంత పెద్దదైనా చేస్తాం, నోరు తెరిచి రెండు మాటలు చెప్పమంటే మాత్రం మా వల్ల కాదు. ప్రశాంతి అలా కాదు. దానికి కోపమొస్తే వీధి చివరికి వినబడుతుంది, ప్రేమొచ్చినా అంతే. మేము పెరిగిన కాలంలో ఎన్నో బాగుండేవని నేను అంటుంటాను. ఈ ఒక్కటీ బాగుండలేదు.

ఇప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ తెల్లకారు కాదు, ఎండాడ ఎత్తూ కాదు. ఆ సోమవారం పొద్దున్న నాన్న నా రేకు పెట్టె భుజాన పెట్టుకుని మద్దిలపాలెం డిపో దాకా వచ్చాడు. పెట్టె బస్సు మీదికి ఎక్కించి, కిందికి దిగి, నా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ నీలం గీతల చొక్కా వేసుకున్నాడు. జరిగింది చెప్పేద్దామనుకున్నాను. కాని డిపో అంతా హారన్లు, కండక్టర్ల కేకలు. ఇప్పుడు చెప్పినా ఈయనకి ఏం వినబడుతుందిలే అని నన్ను నేనే ఒప్పించుకున్నాను. చెవులు పోయిన ఆ రెండేళ్లూ నాన్న మా మాటల్ని పెదాలు చూసి పట్టుకునేవాడని నాకు తెలియనిదేమీ కాదు. శబ్దం రాకుండా పెదాలు కదిపినా చాలు. బస్సు కదిలేదాకా ఆయన నా ముఖం కేసే చూస్తూ నిలబడ్డాడు. నేను ముఖం అటు తిప్పుకుని, డిపో గోడ మీద రాసిన బస్సుల వేళలు చదువుతూ కూర్చున్నాను.